తొక్కే కదా అని రాసిచ్చాను

జీడిపిక్కకి లోపల పప్పు, బయట తొక్క ఉంటాయని మా పలాసలో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. నాకు చెప్పాల్సి వచ్చింది. అదీ జీడి ఫ్యాక్టరీకి యజమానినై, బీకాం పట్టా ఆఫీసు గోడకి తగిలించుకుని, జుట్టు సగం నెరిశాక. పప్పులో కాలేయడం ఎవరైనా చేసే పనే. నేను జీడిపప్పులో వేశాను. ఖరీదులో తేడా అంతే.

ఫ్యాక్టరీ మా నాన్న పెట్టింది. కాశీబుగ్గ దాటాక ముందు ఆఫీసు గది, వెనక బాయిలర్ షెడ్డు, ఆ వెనక పిక్కలు ఆరబెట్టే సిమెంటు కళ్ళం, కళ్ళానికి ఆనుకుని మా ఇల్లు. పిక్కల్ని ఎండబెట్టి, ఆవిరిమీద ఉడికించి, కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, డబ్బాలకెత్తితే పని అయినట్టు. ఆ పని చేసేది ఉద్దానం ఊళ్ళ నుంచి పొద్దున్నే ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళు. తొక్కలోని జీడి రసం అంటి వాళ్ళ వేళ్ళు నల్లబడి ఉంటాయి. నా వేళ్ళు కంప్యూటర్ మీద ఆడేవి కాబట్టి తెల్లగా ఉండేవి. దాన్ని అప్పట్లో నాగరికత అనుకునేవాణ్ణి.

నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పప్పు డబ్బులు ఆఫీసువి, తొక్క డబ్బులు ఇంటివి. తొక్క పారేసేది కాదు. దాన్నుంచి నూనె తీస్తారు. కొనేవాడి లారీ ఆఫీసు గేటుకి రాదు, పెరటి గేటుకి వస్తుంది. డబ్బులు అప్పట్లో అమ్మ చేతిలో పెట్టేవాడు, అమ్మ తరవాత నా భార్య చేతిలో. పిక్కల ధర తలకిందులైన ఏడాది కూడా ఇంట్లో పొయ్యి ఆరకూడదని నాన్న చేసిన ఏర్పాటది. ఎంత వచ్చిందని మగవాళ్ళు అడగడం మర్యాద కాదు. మర్యాదలో నేను నాన్నని మించిపోయాను. ఎంతో ఏమిటో అడగలేదు సరికదా, అలాంటి డబ్బు ఒకటుందనే మరిచిపోయాను. మా బాయిలర్ కూడా ఆ తొక్కతోనే మండేది. కుప్పలోంచి తీసి వేసుకోవడమే కనక, దానికొక ధర ఉంటుందని తోచనే లేదు.

ఫ్యాక్టరీ నా చేతికొచ్చాక లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. లాభమైతే పచ్చ రంగు, నష్టమైతే ఎర్ర రంగు. కాలేజీలో చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం నాకు బాగా వంటబట్టింది: యజమాని వేరు, వ్యాపారం వేరు, ఇంటి డబ్బు వ్యాపారం లెక్కలో కలపకూడదు. మా దగ్గర శనివారం కూలి ఇచ్చే రోజు. ఏ శనివారమైనా ఆఫీసు సొరుగులో డబ్బు చాలకపోతే ఇంట్లోకెళ్ళి భార్యని చేబదులు అడిగేవాణ్ణి. ఆవిడ బీరువా తీసి ఇచ్చేది. అది ఇంటి డబ్బు కదా, ఫ్యాక్టరీ లెక్కలోకి రాకూడదని, ఆ డబ్బుతో ఇచ్చిన కూలిని కూడా లెక్కలోకి రానిచ్చేవాణ్ణి కాదు. నియమమంటే నియమమే. దాంతో నా కంప్యూటర్ తెర ఉద్దానం కొబ్బరితోటంత పచ్చగా ఉండేది. లాభం తెరమీద కనిపించేది, బ్యాంకులో మాత్రం కనిపించేది కాదు. సరుకు రూపంలో ఉండి ఉంటుందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఇదే తెలివితో ఒకసారి వ్యాపారుల సమావేశంలో ఉపన్యాసం కూడా ఇచ్చాను. బస్తా పిక్కలు ఆడించడానికి నాకయ్యే ఖర్చు ఇంత అని తెరమీద చూపించి, అంకెలు అబద్ధమాడవు అన్నాను. చప్పట్లు కొట్టారు. అంకెలు నిజంగానే అబద్ధమాడలేదు. పిక్కలతోపాటు వాటినీ నేనే ఆడించాను.

ఆ చప్పట్లలో అందరికన్నా గట్టిగా కొట్టింది మా బావ. అక్క భర్త. టెక్కలిలో పిక్కల వ్యాపారం. ఆయన నాకు బావ, నేను ఆయనకి బావమరిదిని అయినా, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మర్నాడే నా ఆఫీసుకి వచ్చి ఏసీ కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏటి బావా, నీ ఉపన్యాసం అదిరిపోయింది. బస్తాకి అంతేనేటి నీ ఖర్సు? నిజవే?”

“పైసాతో సహా” అన్నాను.

“అలగైతే ఇను. ఈ సీజనుకి పిక్కలు నేనిత్తాను. నువ్వు ఉడికించి, కొట్టించి, ఒలిపించి పప్పు నాకిచ్చీ. నీ ఖర్సు మీద ఇంకొంచెం ఏసి బస్తాకింతని కూలి పడేత్తాను. పిక్కల రేటు పెరిగినా తరిగినా నీకేటి? నిమ్మళంగా పడుకో. రేప్పొద్దున్న మూలపేటలో పోర్టు తెరిసినారంటే పిక్కలు ఓడలోంచి తిన్నగా మన గుమ్మంలోకే దిగుతాయి. అప్పుడు నా ఎనకాతల తిరిగీవోళ్ళు శానామంది ఉంటారు. బావమరిదివని ముందు నీకు సెప్తన్నాను.”

నేను అప్పటికే అంకెలు కొట్టేస్తున్నాను. ఆయనిచ్చే కూలి, నా ఖర్చు, మధ్యలో లాభం. పచ్చ.

“తొక్కా పొట్టూ మాత్రం నాయి” అన్నాడు.

“తొక్కే కదా బావా” అన్నాను నేను. ఎంత ఉదారంగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“ఇంకో మాట. నువ్వు మజ్జిలో ఆపీసినావనుకో, నా పిక్కలు నీ కాడ ఇరుక్కుపోతాయి. అలాటప్పుడు ఫ్యాక్టరీ నాకు లీజుకి అప్పజెప్పీ. నేనే నడిపించుకుంటాను. ఊరికే, రాతకోసం.”

అది కూడా రాశాను. నా కంప్యూటర్లోనే టైపు చేసి, నా ప్రింటర్లోనే తీసి, నా పెన్నుతోనే సంతకం పెట్టాను. నన్ను ముంచడానికి ఆయనకి సిరా ఖర్చు కూడా కాలేదు.

మొదటి రోజులు హాయిగా గడిచాయి. పిక్కలొచ్చాయి, ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ ఒలుస్తున్నారు. ఒకరోజు బాయిలర్ దగ్గర పనిచేసేవాడు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

“బాబూ, తొక్క ముట్టుకోవద్దని టెక్కలి బాబు మనిషి సెప్పి ఎల్లినాడు. పాత తొక్క అయిపోనాది. మరి బాయిలర్లో ఏటెయ్యమంటారు?”

ఏం వెయ్యాలి? నా షీటులో కూలికి ఒక వరస ఉంది, కరెంటుకి ఉంది, డబ్బాలకి ఉంది, చివరికి ఆఫీసు టీకి కూడా ఉంది. వంటచెరకుకి వరసే లేదు. ఎప్పుడూ కొనలేదు కనక. బావకి ఫోన్ చేశాను.

“అయ్యో, తీసుకో బావా! మన మజ్జిన మొగమాటమేటి? ఎన్ని బస్తాలు తీసినావో సెప్పు, బజారు రేటు కట్టి నీ కూలిలో ఇరగ్గోసుకుంటాను.”

ఫోన్ పెట్టేసి కళ్ళంవైపు చూశాను. నా ఫ్యాక్టరీలో, నా మనుషులు, నా సుత్తులతో కొట్టగా వచ్చిన తొక్క. దాన్ని నేను కొనుక్కుని, ఆ మంటమీద ఆయన పిక్కలు ఉడికించి ఆయనకే ఇవ్వాలి. కుర్చీలో కూర్చున్నవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. అంటే ఎప్పుడు లేచానో తెలియలేదు. అప్పటికీ నాకు దెబ్బ తగిలిందే తెలిసింది కానీ, ఎక్కడ తగిలిందో తెలియలేదు. ఏదో ఒక ఖర్చు మరిచిపోయాను, పోన్లే అనుకున్నాను.

శనివారం వచ్చింది. బావ ఇచ్చిన కూలిలోంచి తొక్క డబ్బులు పోగా మిగిలింది ఒలిచే ఆడవాళ్ళలో సగంమందికి కూడా చాలదు. కంగారేమీ పడలేదు. అలవాటు ప్రకారం ఇంట్లోకి వెళ్ళాను. నా భార్య వంటింట్లో పనసకాయ కోస్తోంది.

“ఈ వారం కొంచెం సర్దుతావా?”

“ఏటి సర్దమంటారు? తొక్క లారీ వొచ్చి ఎన్నాళ్ళయిందో సూసినారా?”

“తొక్క లారీకీ దీనికీ ఏమిటి సంబంధం?”

కోయడం ఆపింది. అడ్రసు తప్పి వేరే ఇంట్లోకి వచ్చేసిన మనిషిని చూసినట్టు చూసింది.

“ఇన్నాళ్ళూ నేనిచ్చినవి ఏ డబ్బులనుకున్నారు?”

“మీ పుట్టింటివి... కొబ్బరితోట ఆదాయం...”

“ఓలమ్మో! మా తోటా? తుపానుకి పడిపోనాక నాటిన మొక్కలు ఇంకా గెల ఎయ్యనేదు. మా నాన్న నాకాడే అడగలేక అడుగుతన్నాడు. అవి తొక్క డబ్బులండీ. మన తొక్కవే. మీకు తెల్దేటి? తెలిసే అడుగుతన్నారనుకున్నాను.”

“మరి నువ్వెప్పుడూ చెప్పలేదే?”

“మీరెప్పుడూ అడగనేదు గదా. ఎప్పటికప్పుడు ఇయ్యి అన్నారు, ఇచ్చీసినాను.”

పనసకాయ జిగురు అంటుకున్న చేతులతో ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది, నాకు వినపడటం లేదు. ఇన్నేళ్ళూ నా ఫ్యాక్టరీ డబ్బే పెరటి గేటులోంచి ఇంట్లోకి వచ్చి, వంటింట్లోంచి ఆఫీసులోకి వెళ్ళి, కూలిగా బయటికి పోతోంది. మధ్యలో నేను నిలబడి, దాన్ని చేబదులు అంటున్నాను. నా ఫ్యాక్టరీకి నేనే అప్పుపడి, ఆ అప్పు లెక్కలో రాయకుండా, లాభమొచ్చిందని ఊరందరికీ ఉపన్యాసం ఇచ్చాను.

“ఏటయ్యింది? అలగ నిలబడిపోనారు?” అంది.

“తొక్క బావకి రాసిచ్చేశాను” అన్నాను.

ఆవిడ కత్తిపీట మీంచి లేవలేదు, అరవలేదు. “ఎంతకి?” అని మాత్రం అడిగింది.

నేను పనసకాయ ముక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఊరికే ఇచ్చానని ఆవిడకి అర్థమైంది. ముక్కలు కోయడం మళ్ళీ మొదలుపెట్టింది. కాస్త గట్టిగా.

శనివారం కూలి ఆగితే సోమవారం చేతులు రావు. ఒలిచేవాళ్ళు ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి వెళ్తారు. వెళ్ళినవాళ్ళని తిరిగి పిలవడం కుదరదు. వాళ్ళు రాకపోతే పని ఆగిపోతుంది. పని ఆగిపోతే ఫ్యాక్టరీ బావది. ఊరికే, రాతకోసం. ఆ సాయంత్రం ఆఫీసు ఏసీ ఊడదీయించి కాశీబుగ్గలో అమ్మేసి కూలి ఇచ్చాను. దాని అవసరం కూడా అప్పుడే తీరింది. వెన్నులోంచి ఎలాగూ చలి పుడుతోంది.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. ఎవరూ లేని ఆఫీసులో కూర్చుని లెక్క మొదటినుంచి వేశాను. ఈసారి భార్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తొక్కకి సుమారుగా ఎంతొచ్చేదో ఆవిడ చెప్పింది, కొన్నవాడికి ఫోన్ చేసి నేను సరిచూసుకున్నాను. బాయిలర్ మంటకి ఒక వరస చేర్చాను. చేబదులుతో ఇచ్చిన కూలికి ఒక వరస చేర్చాను. ఒక్కో వరస చేరుస్తుంటే తెరమీది పచ్చ ఒక్కో ఏడాది నుంచీ ఎండిపోతూ వచ్చింది. పప్పుమీద నేను ఏ ఏడాదీ సంపాదించలేదు. విరగని మంచి తెల్లగుండు పప్పు తీస్తానని పలాసలో నాకు పేరు. ఆ పేరు కోసం ఖరీదైన పిక్కలు కొని, ప్రతి డబ్బామీదా నష్టపోయాను. నన్ను నిలబెట్టింది తొక్క. అది లేకపోతే ఫ్యాక్టరీ నాన్న పోయిన మరుసటి ఏడే పోయేది. బావ బస్తాకిస్తున్న కూలి నా అసలు ఖర్చుకన్నా తక్కువని, ప్రతి బస్తాకీ నేనే ఆయనకి ఎదురిస్తున్నానని అప్పుడు కనిపించింది. నాది తొక్కలో లెక్క అని ఎవరైనా తిట్టి ఉంటే, అందులో తొక్క కూడా లేదని నేనే సరిదిద్ది ఉండేవాణ్ణి.

నా భార్య ఎర్రబడిన తెరవైపు చూసింది. “ఇదంతా నిజవేనా?” అంది. ఔనన్నాను. “మరి ఆ ఉపన్యాసం?” అంది. నేను కంప్యూటర్ ఆపేశాను.

సోమవారం టెక్కలి వెళ్ళాను. ఒప్పందం మార్చమని అడుగుదామని. అక్క కొరమేను పులుసు పెట్టింది, బావ దగ్గరుండి వడ్డించాడు. సంగతి చెప్పాను. ఆయన ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు. అది చూసి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఈయనకి ముందే తెలుసు. నా ఉపన్యాసంలో ఆ అంకె చూసినప్పుడే తెలుసు. పిక్కల వ్యాపారికి తొక్క ఎంత పలుకుతుందో తెలియదా? బావమరిదికి తెలియకపోవడమే వింత కానీ.

“అన్ని లెక్కలూ కంప్యూటర్లో సూసే గదా బావా సంతకం పెట్టినావు?” అన్నాడు పులుసు వేస్తూ. “రాసుకున్నది రాసుకున్నాం. బరువుగా ఉంటే సెప్పు, ఫ్యాక్టరీ నేను సూసుకుంటాను. అద్దె నెలనెలా ఇత్తాను. నీకూ సుఖమే.”

“నా తమ్ముడి కాడ కూడా లాభమేనేటి మీకు?” అంది అక్క వంటింటి గుమ్మంలోంచి.

“నీ తమ్ముడని గదా కొరమేను” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్క చెట్టు కూడా చూడలేదు. ఇంటికి వచ్చేసరికి నా భార్య కళ్ళం దగ్గర నిలబడి కోపంగా ఉంది. మబ్బు పట్టింది. కొత్తగా వచ్చిన పిక్కలు ఎండకపోతే బూజు పడతాయి. ఆరబొయ్యడానికి చోటే లేదు. కళ్ళం సగానికిపైగా తొక్క కుప్పే. ధర పెరుగుతుందని బావ లారీ పంపకుండా ఆపి ఉంచాడు.

“ఈ కుప్ప ఇక్కడ పెట్టుకుని పిక్కలెక్కడ ఎండబెట్టమంటారు? నా నెత్తిమీదా?”

ఆవిడ కోపం సంగతి సరే, నేను మాత్రం కుప్పని ఆ రోజే మొదటిసారి చూశాను. కళ్ళం ఈ చివరనుంచి ఆ చివరికి నడిచాను. కళ్ళం ఖాళీగా ఉంటే వారానికి ఎన్ని బస్తాలు ఎండేవి, ఇప్పుడు ఎన్ని ఎండుతున్నాయి? ఆ తగ్గిన బస్తాల కూలి ఎవరు పోగొట్టుకుంటున్నారు? నా షీటులో తొక్క లేనట్టే, బావ షీటులో లేనిదొకటుంది. చోటు. తొక్క తనదని రాయించుకున్నాడు కానీ, ఆ తొక్క ఎక్కడ కాపురముంటుందో రాయించుకోలేదు. చోటు నేను ఊరికే ఇచ్చాను కనక దానికి ధర లేదనుకున్నాడు. ఇంత తెలివైన మనిషి నాలాగే ఆలోచించాడని తెలిసి నిజంగానే నిర్ఘాంతపోయాను.

కాశీబుగ్గలో గోడౌన్లున్న ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి బస్తాకి నెల అద్దె ఎంతో కనుక్కున్నాను. కుప్పని బస్తాల లెక్కన కొలిపించాను. ఎక్కువ వెయ్యలేదు, తక్కువా వెయ్యలేదు. నా జన్మలో నేను వేసిన మొదటి నిజమైన బిల్లు అది. రంగులు వెయ్యలేదు. ఆ బిల్లు పట్టుకుని మళ్ళీ టెక్కలి వెళ్ళి, అక్క కూడా ఉన్నప్పుడు బావ చేతిలో పెట్టాను.

“ఇదేటి బావా?”

“అద్దె.”

“దేనికి?”

“మీ తొక్కకి. నా కళ్ళంలో ఉంటోంది కదా.”

నవ్వాడు. నవ్వుతూనే కింది అంకె చూశాడు. నవ్వు ఆగింది. “నీ కాడ ఉంచినాను గానీ అద్దెకి దిగినానేటి? నీ పప్పులు నాకాడ ఉడకవు.”

“నిజమే. మీ పిక్కలే నా దగ్గర ఉడకడం లేదు. ఎండబెట్టడానికి చోటు లేదు. మబ్బు చూశారు కదా. బూజు పడితే నష్టపోయేది మీరే, నేను మధ్యలో ఆపలేదు. మీ తొక్కే ఆపింది, ఇక ఆ లీజు మాట కూడా చెల్లదు.”

బావ కిటికీలోంచి ఆకాశంవైపు చూశాడు. తరవాత బిల్లువైపు. పెదాలు కదులుతున్నాయి. ఇప్పుడు అమ్మితే ధర లేదు. ఉంచితే అద్దె. తీసుకెళ్తే లారీ కిరాయి, పెట్టడానికి ఇక్కడ కూడా గోడౌనే. ఈలోగా పిక్కలు బూజు పడతాయి. ఆ ముఖంలో రంగు మారడం నేను గుర్తుపట్టాను. వంటింట్లో పనసకాయ దగ్గర నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

“సరే” అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. “ఇయ్యాల్టినుంచి వొచ్చీ తొక్క నీదే. బాయిలర్లో ఏసుకో, అమ్ముకో, నీ ఇష్టం. ఆ లీజు ముక్క కూడా కొట్టీసుకో. ఉన్న కుప్ప రేపు ఎత్తించీసి నీ అద్దె పడేత్తాను. కానీ బావా, ఇంతేటి? మనోళ్ళం మనం. కొంచెం తగ్గించాలి గదా.”

“తగ్గించాను, చివర్న చూడండి” అన్నాను.

ఆయన కళ్ళద్దాలకోసం వెతుక్కుంటుంటే అక్క ఆ కాగితం తీసుకుని పైకి చదివింది. “బంధుత్వపు రాయితీ, ఒక్క రూపాయి.”

చదవడం పూర్తిచేసి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“మరీ రూపాయేటి బావా?” అన్నాడు బావ.

“ఎక్కువైందంటారా?” అన్నాను.